పెద్ద నక్షత్రాలు, శివారు పొలాలు

ఆ ఏడాది ఎవరూ చేరకపోతే ఫిజిక్స్ గ్రూపు మూసేస్తామని మా అమలాపురం డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే చెప్పారు. ఇరవై ఏళ్ళుగా ఆ గ్రూపుకు పాఠాలు చెబుతున్నది నేనే. పిల్లలు ఎందుకు రావడం లేదో నాకు తప్ప కాలేజీలో అందరికీ తెలుసు.

పిల్లల్ని పట్టుకొద్దామని రాజోలులో ఒక ఇంటర్ కాలేజీకి వెళ్ళాను. భారీ నక్షత్రాలు ఎలా పుడతాయో చెప్పి వాళ్ళ నోళ్ళు వెళ్ళబెట్టించాలని నా పథకం. మన పిల్లలకు మన ఉదాహరణే చెప్పాలని మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి గోదావరి తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

బోర్డు మీద ధవళేశ్వరం ఆనకట్ట గీశాను. అక్కడి నుంచి పాయలు, కాలువలు, పిల్లకాలువలు. "నక్షత్రాల మధ్య చల్లటి వాయువు, ధూళి మేఘాలై ఉంటాయి. అవి ఇలాగే పొడుగాటి పోగుల్లా సాగి ఉంటాయి. మన కాలువల్లో నీళ్ళలా ఆ పోగుల వెంట వాయువు పారుతుంది," అంటూ ఆనకట్ట నుంచి సముద్రం వైపు బాణాలు వేశాను. ఒక కాలువ చివర పెద్ద చుక్క పెట్టి, అదిగో నక్షత్రం అన్నాను. ఆ క్షణాన నేను నాకు చాలా నచ్చాను.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మేడమ్, మాది అంతర్వేది దగ్గరండీ, కాలువకి శివారు. పైవాళ్ళందరూ తోడేసుకున్నాక మాకు నీళ్ళే రావండీ. మీరేమో చివర్లో అంత పెద్ద నక్షత్రం పెట్టేరు. దానికి సరుకెక్కడిదండీ?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. పుస్తకాల్లో నేను చదివింది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. పోగులు ఒక చోటి నుంచి చీలిపోవు. ఎన్నో పోగులు వచ్చి ఒక చోట కలుస్తాయి. గురుత్వాకర్షణ వాటి వెంట వాయువును ఆ కూడలికి లాగుతుంది. సరుకంతా అక్కడ చేరుతుంది కాబట్టే భారీ నక్షత్రాలు ఎక్కువగా అక్కడ పుడతాయి. పుట్టిన దగ్గర్నుంచి నీళ్ళు పంచుకుపోవడమే చూసినదాన్ని, చెయ్యి అటే పోయింది.

"తప్పు గీశానమ్మా," అన్నాను. బాణాలన్నీ చెరిపి వెనక్కి తిప్పాను, చుక్కను ఆనకట్ట దగ్గరికి మార్చాను. గోదావరి సముద్రంలోంచి ధవళేశ్వరానికి ఎక్కింది.

"ఇలాగైతే ముందు నీళ్ళు మాకేనండీ," అని ఆ అమ్మాయి కూర్చుంది.

జూన్‌లో ఫిజిక్స్‌కు ఒక్క దరఖాస్తు వచ్చింది. ఆ అమ్మాయిదే. ఒక్కరి కోసం గ్రూపు నడపలేమన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ మాట ఆమెకు చెప్పే పని నా మీద పడింది. "కంప్యూటర్స్ తీసుకోమ్మా," అంటుంటే అంత వయసుదాన్ని నాకు ఏడుపొచ్చింది.

"ఆయ్, అలాగేనండీ," అంది ఆమె. "భోజనాలప్పుడు మీకు ఖాళీయే కదండీ. రోజూ కాస్త నక్షత్రాలు చెప్పండి మేడమ్. తప్పులు నేను చూసుకుంటానండీ."