భీవండి పసిరికలు

మా చిన్నప్పుడు... కోరుట్లలో చిన్నాయిన దిగాడంటే మేమంతా ఆయన సంచి చుట్టూ చేరేవాళ్లం. ఆయన భీవండిలో మగ్గం నడిపేవాడు. ఒకసారి ఉప్పూకారం చల్లిన వేయించిన గింజలు తెచ్చాడు. చిక్కుడు గింజల కన్నా లావు. అందరం తిన్నాం... ఎక్కువ నేనే.

రెండో రోజుకు నా కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం డికాషన్ రంగు. లేచి నిలబడలేకపోయాను. పసరు తాగించారు. ఎలాగో తేరుకున్నాను.

"భీవండి గాలి తాకింది పోరనికి. ఇగ ఆ ఊరిది ఒక్కటి గూడ నా ఇంట్లకు రావద్దు!" అంది అమ్మ.

పచ్చకామెర్లను మా వైపు పసిరికలు అంటారు. ఆ జబ్బుకు మా ఇంట్లో పేరే భీవండి పసిరికలు. తువ్వాల, మిఠాయి, చివరికి నాకు తెచ్చిన అంగీ... ఏదీ గడప దాటలేదు. గింజలను మాత్రం ఎవరూ అనుమానించలేదు. అందరూ తిన్నవే కదా.

నా భార్యది సిరిసిల్ల. పెళ్లయ్యాక తెలిసింది, ఆమె పుట్టింది భీవండిలో అని. అమ్మ ముఖం మాడ్చుకుంది.

"అత్తమ్మా, నేను గూడ భీవండి సామానే. వాపస్ పంపుతవా?"

అమ్మకు నవ్వాగలేదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరు తుమ్మినా నా భార్య, "మా ఊరి గాలే" అనేది.

ఆమె పోయి రెండేళ్లు.

మొన్న జగిత్యాలలో మా బిడ్డ కొడుక్కి అవే పచ్చ కళ్లు... అదే డికాషన్ రంగు. ప్యాకెట్ మిక్చర్ తిన్నాడు. రక్తం ఎక్కించారు.

పుట్టుకతోనే ఒక ఎంజైమ్ తక్కువట. కొన్ని గింజలు, కొన్ని మందులు పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయట. డాక్టర్ మిక్చర్‌లోంచి ఒక గింజ ఏరి చూపించాడు. ఫావా అట... మన చిక్కుడు కాదు. చూడగానే గుర్తుపట్టాను.

"బాపూ, నీకు గిట్ల అయ్యిందా చిన్నప్పుడు?" అంది బిడ్డ.

"అయ్యింది. భీవండి పసిరికలు."

డాక్టర్ కాగితం మీద గీతలు గీశాడు. వాడికి వాళ్లమ్మ నుంచి. ఆమెకు నా నుంచి. నాకు... మా అమ్మ నుంచి.

అమ్మ ఒక ఊరినే వెలివేసింది. జబ్బేమో ఆమె దగ్గరే ఉంది!

పిల్లవాడు ఇప్పుడు బాగున్నాడు. వాడు ప్యాకెట్ విప్పే ముందు వెనకవైపు చిన్న అక్షరాలు నేను చదువుతాను. ఈ రోజుల్లో అన్నీ రాసే ఉంటున్నాయి...

మీ ఇళ్లలోనూ కారణం తెలియకుండానే గడప దాటనివ్వనివి ఉండేవా? చెప్పండి, చదువుతాను.

ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి తాళం తీస్తూ, "మీ ఊరి గాలి కాదట" అన్నాను... పైకే.