నేను అప్పటికే గుద్దేశాను

మా ఊళ్లో తప్పు చేసినవాళ్లు క్షమాపణ చెప్పరు, క్రియాపదం రాస్తారు. ఈ పద్ధతి పెట్టింది ఓదెత్ వియలార్ టీచరమ్మ. ఆవిడ బడి నుంచి రిటైరై చాలా ఏళ్లయింది కానీ ఆవిడ శిక్షలు రిటైర్ కాలేదు. పూలకుండీ మీదికి సైకిలెక్కించిన పోస్ట్‌మాన్ అయినా, రొట్టె మాడ్చిన బేకరీవాడయినా, సాయంత్రానికల్లా కాగితం పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడాల్సిందే. నా సెలూన్ ఎదురుగానే ఉంది కాబట్టి ఆ తమాషా నాకు ఉచితం.

మా ఫ్రెంచి వ్యాకరణంలో ఆవిడకి ఇష్టమైన కాలం ప్లూ-కె-పార్ఫె. అంటే, జరిగిపోయినదానికన్నా ముందే జరిగిపోయింది. పిల్లి పాలు తాగిందని కాదు, మనం తలుపేసేసరికే తాగేసి మూతి నాక్కుంటోందని.

"తప్పెప్పుడూ అంతేనే జోసియాన్," అనేది నాతో. "మనకి బుద్ధొచ్చేసరికి అది అప్పటికే అయిపోయుంటుంది."

చిన్నప్పుడు రెమీ అనే వెధవ క్లాసులో నా జడ లాగాడు. టీచరమ్మ నల్లబల్ల దగ్గర నిలబెట్టి వాడిచేత ఆ క్రియ ఆరు వరసలూ చదివించింది. నేను అప్పటికే జడ లాగేశాను, నువ్వు అప్పటికే జడ లాగేశావు, అతను, మనం, మీరు... చివరికి "వాళ్లు అప్పటికే జడ లాగేశారు" అనేసరికి లాగినవాడొకడు, దోషులు ఊరందరూ. జడ నాది, నేనూ దోషినే! ఆ న్యాయం నాకిప్పటికీ మింగుడుపడదు.

ఆ రెమీయే ఇప్పుడు మాంసం కొట్టు యజమాని, పైగా మా మేయరు.

మొన్న వేసవిలో సంత రోజున అందరం కాఫే ముందు ఎండలో కూర్చుని, భోజనానికి ముందు తలో గ్లాసు పుచ్చుకుంటున్నాం. టీచరమ్మ కారు తిన్నగా బల్లల మధ్యకి వచ్చేసింది. గ్లాసులు పగిలాయి, కుర్చీలు పల్టీలు కొట్టాయి. మనుషులం చెంగున పక్కకి దూకి బతికిపోయాం. కారు నెత్తిన ఒక ఎండగొడుగు పెట్టుకుని ఆగింది. ఆవిడ దిగి టోపీ సర్దుకుంది.

తప్పెవరిదని అడక్కుండా అందరం పడ్డ కుర్చీలు ఎత్తుతున్నాం. ఆ కారు పోతే ఆవిడకి ఏం పోతుందో మాకు తెలుసు. చెల్లెలు అర్మాంద్ కొండ అవతల వృద్ధాశ్రమంలో ఉంది. అన్నీ మరిచిపోయింది. ప్రతి ఆదివారం టీచరమ్మ వెళ్లి, చెయ్యి పట్టుకుని ఏదో ఒక క్రియ మొదలుపెడితే, చెల్లెలు వెనకే అందుకుంటుంది. ఆరో వరసకి చేరేసరికి మొహం వెలిగి "అక్కా" అంటుంది. ఒక్క వారం తప్పినా ఆ పిలుపు కూడా పోతుందని టీచరమ్మ భయం. ఆదివారం పూట మా కొండల్లో బస్సు ఉండదు.

రెమీ చేతులు నలుపుకున్నాడు. "పోనీలెండి టీచరమ్మా, ఇలాంటివి జరుగుతుంటాయి. బ్రేకు పట్టుండదు."

"బ్రేకు బాగానే ఉందిరా. కాగితం తే."

నిలబడే రాసింది. రెమీ చదివాడు: "నేను అప్పటికే గుద్దేశాను." కాగితం వెనక్కి తిప్పి చూశాడు.

"మిగతా అయిదూ ఏవండీ? మేం ఒక్కటి తగ్గిస్తే మళ్లీ మొదట్నుంచీ రాయించేవారు కదా!"

"కార్లో నేనొక్కదాన్నే ఉన్నాన్రా." ఆవిడ కలం మూత పెట్టింది. "ఆ కుర్చీలో పిల్లెవరైనా ఉంటే? నాకు కుర్చీ కనిపించలేదు రెమీ. అసలు కనిపించనే లేదు."

తాళాలు బల్ల మీద పెట్టి నడుచుకుంటూ వెళ్లిపోయింది. జాలి సంగతి తర్వాత, ముందు నాకు ఒళ్లు మండింది. బతుకంతా మా తప్పుల్లోకి ఊరందరినీ ఈడ్చిన మనిషి, తన తప్పు దగ్గరికొచ్చేసరికి మమ్మల్ని వెలేస్తుందా?

ఆదివారం పొద్దున చూస్తే ఆవిడ టోపీ పెట్టుకుని, చెల్లెలికని ప్లమ్ పళ్ల టార్టున్న బుట్ట చంకన పెట్టుకుని కొండదారి పట్టింది. కాలినడకన! నేను బయటికి పరిగెత్తేలోపే రెమీ వ్యాను ఆవిడ పక్కన ఆగింది.

"ఎక్కండి టీచరమ్మా."

"నడుస్తాను. కాళ్లున్నాయి."

"ఉన్నాయి, చూశాను. మధ్యాహ్నానికి సగం కొండెక్కుతాయి. ఎక్కండి!"

"మేయరు గారి దయ నాకక్కర్లేదురా."

"దయెవరికండీ? నాకు అటు పనుంది."

"ఏం పని?"

వాడు వ్యాను అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అబద్ధం చేతకాదు వాడికి, బడిలోనూ అంతే. నేను కత్తెర సంచీ ఊపుకుంటూ వెళ్లి, "నాకుంది పని. అర్మాంద్ గారి జుట్టు కత్తిరించాలి. జరగండి," అని ఆవిడ్ని లోపలికి తోసి పక్కన ఇరుక్కున్నాను.

దారంతా రెమీ మలుపుల్లో బండి తిప్పిన తీరుకి మామూలుగా అయితే వాడికి పది పేజీలు పడేవి.

అర్మాంద్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కొత్తవాళ్లని చూసినట్టే చూసింది మా ముగ్గుర్నీ. టీచరమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"నేను అప్పటికే..."

అక్కడే ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. రాలేదు. జీవితంలో మొదటిసారి ఆవిడకి క్రియ దొరకలేదు. రెమీ టార్టు బుట్ట, నేను దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాం.

అర్మాంద్ తన అక్క మొహంలోకి చూసింది. ఎన్నేళ్లుగానో తనంతట తాను ఒక్క మాటా మొదలుపెట్టని మనిషి, మెల్లగా అంది:

"నువ్వు అప్పటికే వచ్చేశావు."

ఆగకుండా అలాగే సాగించింది. "ఆమె అప్పటికే వచ్చేసింది. మనం అప్పటికే వచ్చేశాం. మీరు అప్పటికే వచ్చేశారు." తర్వాత వేలెత్తి రెమీని, నన్నూ చూపించింది. "వాళ్లు అప్పటికే వచ్చేశారు."

ఆ వేలు అలాగే ఉంచి, అక్క వైపు తిరిగింది.

"అక్కా, ఎవరే వీళ్లు?"

టీచరమ్మ మా ఎదుటే వెక్కివెక్కి ఏడ్చింది.

"మనవాళ్లేనే," అంది.