నల్లరేగడిలో పునాది

హనుమండ్లు తాతకు చదువు రాదు గానీ లెక్కలు మాత్రం నోటిమీదే ఉండేవి. ఇచ్చోడ పక్కన తమ ఊళ్లో ఎవరి చేనులో ఎంత పత్తి దిగుతుందో గట్టు మీద నిలబడే చెప్పేవాడు. అంత మొనగాడు ఇల్లు కట్టే ఖర్చు గురించి మేస్త్రిని అడుగుతాడా! నిర్మల్‌లో బామ్మర్ది శ్రీహరి ఇంటికి ఎంతయిందో కనుక్కుని, తనకూ అంతే అనుకున్నాడు. గదులు అవే, కొలతలు అవే. పైగా బేరమాడటంలో శ్రీహరి తన ముందు పసివాడు. అందుకే కొంత మిగులుతుందని కూడా తేల్చి, ఆ మిగులుతో భార్య కొమురవ్వకు పట్టుచీర ఒప్పుకున్నాడు.

ఆ ధీమాతోనే ఎండాకాలంలో పాత పెంకుటిల్లు పీకించాడు. ఇద్దరూ తాడ్పత్రి కప్పిన పందిరి కిందికి మారారు.

శ్రీహరి ఇల్లు గుట్ట నేల మీద ఉంది. తాతది నల్లరేగడి. ఎండకు చేతికర్ర దిగేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. పాత ఇంటి గోడలు ఏటా పగిలేవి, కొమురవ్వ ఏటా మట్టి పూసేది. అది మట్టిగోడల గుణమని తాత నమ్మకం. పుట్టినప్పటి నుంచీ ఆ నేల మీద పత్తి పండించినవాడికి, అదే నేల మీద ఇల్లు నిలబడాలన్న సంగతి మాత్రం తట్టలేదు.

మేస్త్రి రాంచందర్ పిల్లర్ గుంతలోంచి కేకేశాడు. గుంత అప్పటికే నిలువెత్తు దాటింది.

"పటేలా, గట్టి మొరం తగల్తలేదు. ఇంకా నల్లమట్టే!"

"జర తవ్వు, తగుల్తది."

"నిన్న గూడ గట్లనే అంటివి. గీ మట్టిల పిల్లర్ లేపితే రెండేండ్లకు ఇల్లు వంగుతది. గట్టినేల దాక పోవాలె. ఇనుప సలాక, సిమెంటు రెండింతలు పడ్తయి."

"రెండింతలా? మా బామ్మర్దికి గంత పడలే గద!"

"ఆయన గుట్ట మీద కట్టిండు పటేలా. నువ్వు చేన్ల కడ్తున్నవు."

తాత శ్రీహరికి ఫోన్ చేసి మొరం తగలడం లేదని చెప్పాడు.

"బావా, నా భూమిల రాళ్లు తప్ప ఏం మొలవయని నవ్వుతుంటివి. ఇప్పుడు రాళ్లు గావాల్నా?" అన్నాడు శ్రీహరి. తాత ఫోన్ పెట్టేశాడు.

అన్నం ముందు కూర్చుంటే లెక్కలే. లెక్కలోంచి టైల్స్ తీసేశాడు, ప్రహరీ తీసేశాడు, టేకు తలుపులు తీసేశాడు. ఎన్ని తీసేసినా పైసలు గోడల దాకానే వచ్చేవి, స్లాబు అందేది కాదు. పడమట వాన మొగులు కమ్ముతోంది. ఇల్లు లేదు, ఉన్నది కూల్చుకున్నాడు. ఆ మధ్యాహ్నం తాత పళ్లెం పక్కకు నెట్టాడు.

"రోడ్డు పక్క ఎకరం అమ్ముదామా?" అన్నాడు.

"అమ్మి కట్టు. కట్టినంక గోడలు నాకి బతుకుదాం" అంది కొమురవ్వ.

"మరి ఏం జేయాల్నే? వానకు గీ తాడ్పత్రి ఆగుతదా? పరేషాన్‌తోని పిచ్చి లేస్తంది నాకు."

"గిన్ని గదులెందుకు? ఒక్క అర్ర కట్టు. మీద రేకులెయ్యి. ఇద్దరికీ చాలదా?"

"ఒక్క అర్రనా? ఊరంత నవ్వుతరే!"

"నవ్వనీ. నవ్వెటోళ్లు మనల ఆళ్ల ఇంట్ల పండుకోనిస్తరా?"

తాత గుంతల వైపు చూశాడు. తర్వాత లేచి వెళ్లి, కూలీ చేతిలోంచి పార గుంజుకున్నాడు. వంటింటికని తవ్విన గుంతలోకి మట్టి తోయడం మొదలుపెట్టాడు.

రాంచందర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం జేస్తున్నవు పటేలా? ఎన్ని గుంతలుంచాలె?"

"ఒక్క అర్రకు నాలుగు" అన్నాడు తాత, తలెత్తకుండా.