గుండు కారు వెనక సీటు

ఈ లోకంలో ఏ వస్తువు చూపించినా వీరాంజనేయులు గారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఒరిజినలేనా?"

ఇంగువను అడుగుతారు. టూత్‌పేస్టును అడుగుతారు. శుభలేఖ చేతికిస్తే మూలనున్న పసుపును వేలితో రుద్ది వాసన చూసి అడుగుతారు. ఎదురింటాయన కొత్త పళ్ళసెట్టు కట్టించుకుని నవ్వుతూ వస్తే, నలుగురిలో అడిగేశారు. ఆయన మళ్ళీ ఆ వీధిలో నవ్వలేదు. అదృష్టవశాత్తూ ఈ జబ్బు పెళ్ళయ్యాక పట్టుకుంది కాబట్టి, పెళ్ళిచూపుల్లో భార్య జ్యోతిర్మయి జడ బతికిపోయింది.

జబ్బుకి కారణం లేకపోలేదు. ఒక ఏడు ఆయన 'ఒరిజినల్' అని మెరిసే ముద్ర ఉన్న మిరప విత్తనాలు తెచ్చి వేశారు. మొక్కలు మనిషెత్తు పెరిగాయి. ఆకు నిగనిగలాడింది. ఒక్క కాయ కాయలేదు. చూడ్డానికొచ్చిన వాళ్ళు "తోట చాలా అందంగా ఉందండీ, ఏం మొక్కలివి?" అని అడిగి వెళ్ళారు. ఆ దెబ్బతో ఆయనకి ప్రపంచం మీదే అనుమానం పట్టుకుంది.

ఇలాంటి మనిషికి పాత కారు దొరికితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పర్చూరు పక్కన వాళ్ళ పల్లెలో, ఆయన తాతగారు ఓ పొగాకు కంపెనీ దొర స్వదేశం వెళ్ళిపోతుంటే కొన్న మోరిస్ కారది. పైన కప్పు ఉండదు. మడిచిపెట్టే గుడ్డ టాపు ఉండేదట గానీ దాన్ని ఎలకలు ఎప్పుడో ఆరగించాయి. ఊళ్ళో దాని పేరు గుండు కారు. తాతగారి తర్వాత అది గొడ్ల చావిడి వెనక్కి చేరింది. ఇంజన్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. తలా ఒక చెయ్యి వేసి విప్పుకుపోగా మిగిలిన దాన్ని, ఒక శుభోదయాన ఆంజనేయులు గారు ట్రాక్టరుతో లాక్కొచ్చి ఇంటి పక్కనున్న మిరప కొట్టులో పెట్టి, "దీన్ని మళ్ళీ ఒరిజినల్‌గా నిలబెడతాను" అని ప్రకటించారు.

"మన ఎండల్లో టాపు లేని కారెందుకండీ? అప్పడాలు ఆరబెట్టుకోడానికా?" అంది జ్యోతిర్మయి.

"టాపు కూడా వస్తుందే. ఒరిజినల్ గుడ్డ కోసం మద్రాసులో చెప్పాను."

మిరప కొట్టు షెడ్డు అయింది గానీ ఘాటు ఎక్కడికి పోతుంది? ఏళ్ళ తరబడి గోడలకి పట్టిన కారం, ఇంజను ఊగినప్పుడల్లా లేచేది. కారు స్టార్టు చెయ్యడానికి హ్యాండిలు తిప్పబోతే ఎవరో ఒకరు తుమ్మేవారు. మంచి పని మొదలుపెట్టేటప్పుడు తుమ్మితే ఏం చెయ్యాలి? ఆగాలి, కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి. ఆయన ఆగారు, కూర్చున్నారు, తాగారు. లేచి హ్యాండిలు పట్టుకున్నారు. మళ్ళీ తుమ్ము. బిందె ఖాళీ అయింది గానీ బండి కదల్లేదు. చివరికి ఆయనే తీర్పు చెప్పారు:

"ఇవి ఒరిజినల్ తుమ్ములు కావు. ఘాటుకొచ్చిన డూప్లికేట్ తుమ్ములు. లెక్కలోకి రావు."

శాస్త్రాన్ని అంత తేలిగ్గా సంస్కరించినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత మొదలైంది వేట. ఒక్క మర కోసం కోయంబత్తూరు వెళ్ళొచ్చారు. హెడ్‌లైట్లు మద్రాసు పాత సామాన్ల బజారులో దొరికితే, వాటిని బస్సులో ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లల్లా తెచ్చారు. అన్నీ దొరికాయి, వెనక సీటు తప్ప. దానికోసం సింగరాయకొండ వెళ్ళారు. తాడేపల్లిలో ఎవరి గరాజులోనో ఉందంటే పరిగెత్తారు. వేటపాలెంలో జీడిపప్పు యూనిట్ వాళ్ళ దగ్గరుందని విని వెళ్ళి, సంచీతో తిరిగొచ్చారు.

"సీటు దొరికిందా?" అంది జ్యోతిర్మయి.

"లేదు. జీడిపప్పు మాత్రం ఒరిజినల్."

ఇంకో సంగతి. ఆయన జేబులో పెన్ను ఉండేది కాదు, చిన్న నూనె డబ్బా ఉండేది, సన్న ముక్కుతో. వాళ్ళింట్లో తలుపులు కిర్రుమని చాలా కాలమైంది. ఉయ్యాల బల్ల, కుట్టుమిషను, గేటు, అన్నీ మౌనవ్రతంలో ఉన్నాయి. పొద్దున్నే నూనె డబ్బాతో ఇంటి వెనకున్న కళ్ళంలోకి కూడా వెళ్ళేవారు.

"ఆరుబయట కాయలారబోసిన చోట నూనె దేనికండీ?" అని జ్యోతిర్మయి అడిగితే, "కాటాకి" అన్నారు. కాయలు తూచే కాటా నిజంగానే అక్కడుంది కాబట్టి ఆవిడ నమ్మింది.

ఆ కళ్ళానికి అసలు యజమాని దేవకుమారి. పొలం ఆంజనేయులు గారిదే, కాయలూ ఆయనవే. కానీ పనికిరాని తాలుకాయలేరే ఆడవాళ్ళ ముఠాకి ఆవిడ మేస్త్రి. ఆవిడ కూర్చుంటే పని మొదలు, లేస్తే పని బందు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే గొంతుతోనే సోమవారం కళ్ళంలో కేకలేసేది. మోకాళ్ళు అరిగిపోయి నేల మీద కూర్చోలేదు. ఆంజనేయులు గారు ఒకసారి పీట తెచ్చిచ్చారు. "కిందికుంది బాబూ" అని తోసేసింది. కుర్చీ తెచ్చారు. "అంత ఎత్తు మీంచి కాయలేరాలంటే కొంగమెడ కావాల. తీసకపో" అంది. ఆవిడకో సింహాసనం ఉంది: గోనెపట్టా చుట్టి కుట్టిన మెత్తటి దిమ్మ. ఎప్పుడో గొడ్ల చావిడి శుభ్రం చేసి పారేసిన చెత్తలోంచి ఏరుకున్నది. దానిమీద మరొకరు కూర్చుంటే ఆ రోజు వాళ్ళకి పని లేదు.

ఇలా ఉండగా, కాయ కళ్ళాల్లో ఉండగానే అకాల వర్షం వచ్చింది. కొట్టులో కారు ఉంది కాబట్టి బస్తాలు వసారాలో పెట్టారు. సగం తడిసి తెల్లమచ్చ పడ్డాయి. జ్యోతిర్మయి కొంగు బిగించింది.

"చూడండీ. కొట్టు కట్టింది మిరపకాయలకి. గుంటూరులో పాత కార్ల ప్రదర్శన ఉందంటున్నారుగా? అక్కడ మీ కారు ఒరిజినల్ అని సర్టిఫికెట్ ఇస్తే సరే, అది కొట్టులోనే ఉంటుంది. ఇవ్వకపోతే మర్నాడే పాతినుము సిలార్‌ని పిలుస్తా."

"తూకానికి అమ్ముతావా? మా తాత కారుని?"

"మీరే చెప్పండి. ఒరిజినల్ కానిదాన్ని ఇంట్లో పెట్టుకుంటారా?"

ఆయన కత్తే ఆయన మెడ మీదికొచ్చింది.

ప్రదర్శన రోజు పొద్దున్నే బయల్దేరారు. వెనక సీటు చోట చీరాలలో కొబ్బరిపీచుతో కుట్టించిన సీటొకటి పెట్టారు. ముందు భార్యాభర్తలు, వెనక దేవకుమారి. గుంటూరులో కూతురు శాంతి ఇంటికి పోవాలని ఆవిడ ఎక్కింది. చిలకలూరిపేట దాటకముందే మొదలెట్టింది.

"ఇదేం సీటు బాబూ? నడుం ఇరిగిపోతంది. నా కళ్ళంలో దిమ్మ తెచ్చుకున్నా బాగుండేది. దాని స్ప్రింగులు ఎట్టుంటాయనుకున్నావ్, ఉయ్యాలే!"

ఆంజనేయులు గారు గట్టిగా హారను కొట్టారు. ఎదురుగా ఎవరూ లేరు.

గుంటూరు మిర్చి యార్డు దగ్గరికొచ్చేసరికి అసలు ముచ్చట జరిగింది. సీజను. గాలంతా కారం. అద్దాలెత్తుకుని పోయే కార్లవాళ్ళకి ఏమీ కాలేదు. గుండు కారులో ముగ్గురూ బావురుమన్నారు. కళ్ళు ధారలు, ముక్కులు ధారలు. సిగ్నలు దగ్గర ఆగితే పక్క స్కూటరు మీద పెద్దమనిషి హెల్మెట్ తీసేసి, తగ్గు గొంతుతో అడిగాడు:

"ఎవరు పోయారండీ?"

"ఇంకా ఎవురూ పోలేదు నాయనా" అంది దేవకుమారి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఈ సీటు మీద ఇంకో గంట కూకుంటే నేను పోతా."

ఆయన అయినా చేతులు జోడించే వెళ్ళాడు.

ప్రదర్శనలో న్యాయనిర్ణేత హయాత్ గారు. మెడలో భూతద్దం, చేతిలో టార్చి. ఆంజనేయులు గారిని మించిన ఘనుడు. దీపాల మీద తట్టి "ఒరిజినలేనా?" అన్నారు. ఒరిజినలే. బానెట్టెత్తి, దానిలోకి దాదాపు దిగిపోయి "ఒరిజినలేనా?" అన్నారు. ఒరిజినలే. అడిగిన ప్రతిసారీ ఆంజనేయులు గారు వేలెడంత పొడుగు పెరిగారు. ఇన్నాళ్ళూ తానడిగిన ప్రశ్న తననెవరైనా అడిగితే ఇంత హాయిగా ఉంటుందని ఆయనకి తెలియదు.

హయాత్ గారు వెనక్కొచ్చి సీటు మీద అరచెయ్యి ఆనించి నొక్కారు. అది లోపలికి పోయింది గానీ తిరిగి పైకి రాలేదు.

"ఇదీ?"

"కాదండీ. డూప్లికేటు" అన్నారు ఆంజనేయులు గారు, నేల చూస్తూ.

"అయ్యో! మిగతాదంతా ముత్యంలా ఉంది. ఒరిజినల్ సీటు ఎక్కడైనా ఉంటే సాయంత్రంలోగా తెప్పించండి. అంతదాకా ఆగుతాను. సర్టిఫికెట్ మీదే."

దేవకుమారి కూతురింటికి వెళ్ళకుండా అక్కడే మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ తమాషా చూస్తోంది. ఆంజనేయులు గారు ఒక్కసారి అటు చూసి, చూపు తిప్పేసుకున్నారు.

"ఈ లోకంలో లేదండీ" అన్నారు.

జ్యోతిర్మయికి అక్కడ అనుమానమొచ్చింది. ఒక్క మర కోసం కోయంబత్తూరు పోయిన మనిషి, సీటుని ఒక్క మాటతో లోకంలోంచి తీసేశాడేమిటి?

మర్నాడు దేవకుమారి టీకి లేచిన సందు చూసి, జ్యోతిర్మయి కళ్ళంలోకి వెళ్ళి సింహాసనానికున్న గోనె కుట్టు ఒక చివర విప్పింది. లోపల ముదురెరుపు తోలు. వరసగా ఇత్తడి గుండీలు. కారు ముందు సీటుకున్నవే. అడుగున స్ప్రింగులు తుప్పు లేకుండా, నూనెతో నిగనిగలాడుతున్నాయి.

"కాటా బాగా నూనె తాగుతోందండీ" అంది, వెనకే వచ్చి నిలబడ్డ మొగుడితో.

ఆంజనేయులు గారు దొరికిపోయిన పిల్లాడిలా నూనె డబ్బా వెనక్కి దాచుకున్నారు.

"ఎప్పట్నించీ తెలుసు మీకు?"

"కారు కొట్టులోకి తెచ్చిన వారానికే."

"మరి సింగరాయకొండ ఎందుకెళ్ళారు? తాడేపల్లి ఎందుకెళ్ళారు?"

"వెతక్కపోతే నువ్వు అనుమానిస్తావుగా."

"ఆవిణ్ణి అడిగితే ఇవ్వదా?"

"ఇచ్చేస్తుంది. అదే కదా బాధ! 'నీదే అయితే తీస్కో బాబూ' అని ఒక్క నిమిషంలో ఇచ్చేస్తుంది. ఆ తర్వాత ఎక్కడ కూర్చుంటుంది? పీట కిందికి, కుర్చీ పైకి."

"ఆ కొబ్బరిపీచు సీటు ఆవిడకిచ్చి ఇది తీసుకోవచ్చుగా?"

"కూర్చోగానే పట్టేస్తుంది. నిన్న కారులో విన్లా? ఆవిడ నాకంటే గట్టిది."

జ్యోతిర్మయి తోలు మీదికి గోనె మళ్ళీ కప్పింది. ఇంతలో గేటు దగ్గర "పాతినుము!" అని కేక. సిలార్. నిన్న రాత్రే కబురు పంపింది తనే.

సిలార్ కారు చుట్టూ తిరిగి, తట్టి, టైరు తన్ని, వెనక సీటు నొక్కి పెదవి విరిచాడు.

"తూకానికే తీసుకోవాలమ్మా. ముక్కలు విడిగా అమ్ముకుందామన్నా, సీటు డూప్లికేటు పెట్టారు."

జ్యోతిర్మయికి ఎక్కడలేని రోషం వచ్చింది.

"ఎవరయ్యా డూప్లికేటన్నది? ఒరిజినల్ సీటు ఉంది. వాడకంలో ఉంది!"

"ఎక్కడుందమ్మా?"

"ఎక్కడుంటే నీకెందుకు? అమ్మకానికి లేదు. కారూ లేదు. పో!"

కబురు పెట్టి పిలిపించి గేటు దాకా తరిమిన ఇల్లు తన వ్యాపారంలో ఇదే మొదటిదని సిలార్ టీకొట్టులో చెప్పుకున్నాడు. ఇక మిరపకాయల సంగతంటారా? టాపు లేని కారుకి ఒక సుగుణం ఉంది, ఎంత ఎత్తయినా పేర్చుకోవచ్చు. ఆ సాయంత్రమే టిక్కీలన్నీ, అంటే కాయలు తొక్కి కుట్టిన బస్తాలన్నీ కొట్టులోకి చేరాయి. కారు చుట్టూ కొన్ని, కారులో కొన్ని. స్టీరింగు ముందు ఒక టిక్కీ దర్జాగా కూర్చుంది. కొబ్బరిపీచు సీటు ఇన్నాళ్ళకి తనకి తగిన బరువు మోసింది. సర్టిఫికెట్ రాని కారు అలా కొట్టులోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే, ముఠా రాకముందే, ఆంజనేయులు గారు అలవాటుగా నూనె డబ్బాతో కళ్ళంలోకి వెళ్ళారు. దిమ్మ తిరగేసి చూస్తే స్ప్రింగులు అప్పటికే తడిగా ఉన్నాయి. విప్పిన గోనె కుట్టు ఎవరో సన్న పోగుతో ముద్దుగా మళ్ళీ కుట్టేశారు. చుట్టూ చూశారు. ఎవరూ లేరు. కాయల రాశి వెనకనించి ఒక తుమ్ము వినిపించింది.

"ఒరిజినల్ తుమ్మేనా?" అన్నారాయన.

"డూప్లికేటే. లెక్కలోకి రాదు" అంది జ్యోతిర్మయి, ముక్కు తుడుచుకుంటూ రాశి వెనకనించి లేచి.

ఆయన వేలితో స్ప్రింగు తడి తీసి వాసన చూశారు. మొహం చిట్లించి మళ్ళీ చూశారు.

"ఈ నూనె..."

"మీ డబ్బా మీ జేబులోనే ఉందిగా. అందుకని మొన్న కారప్పూస వండిన మూకుట్లో మిగిలింది పోశా."

ఆంజనేయులు గారు వేలు పంచెకి తుడుచుకున్నారు. తర్వాత జీవితంలో మొదటిసారి ఒక డూప్లికేటు వస్తువు గురించి "పర్లేదు" అన్నారు.

దేవకుమారి మాత్రం ఆ రోజంతా కుదురుగా కూర్చోలేదు. గాలిని ఎగబీలుస్తూ, ఒక్కొక్కరి కొంగుముడీ విప్పించి వెతికిస్తూ, కళ్ళమంతా దద్దరిల్లేలా కేకలేసింది:

"ఎవుతెవే అది, నాకు పెట్టకుండా కారప్పూస దాచుకు తింటన్నదీ?"