అన్నిటికీ ఒక్క టిక్కు

కంప్యూటర్ నేర్చుకుంటే ఉద్యోగం చేతికొచ్చినట్టేనని నల్గొండ అంతా నమ్ముతున్న 1999లో, ఆ కంప్యూటర్ నేర్పే ఉద్యోగమే తాహేరాకు ఊడేలా ఉంది. తండ్రి అబ్దుల్ హమీద్‌ను నెలల తరబడి బతిమాలి సంపాదించుకున్న ఉద్యోగం అది. ఇది పోతే మళ్లీ పనికి పంపరని ఆమెకు తెలుసు.

పోచంపల్లి నేతవాళ్ల కోసం ఆమె చీరల వెబ్‌పేజీ తయారుచేసింది. ఒక్కో చీర బొమ్మ పక్కన ఒక టిక్కు గడి, అన్నిటికీ పైన ‘అన్నీ’ అనే గడి. అది నొక్కితే కింది గడులన్నిటిలో టిక్కులు పడాలి. టిక్కు పడ్డ చీరల వివరాలే కొనేవాళ్లకు వెళ్తాయి. మన తాహేరా మర్యాదస్తురాలు కదా! ఇంటింటా చాయ్ తాగొచ్చింది కాబట్టి ప్రతి గడికీ నేసిన మనిషి పేరే పెట్టింది: సైదమ్మ, మైసమ్మ, బిక్షమ్మ. పేజీని నడిపే స్క్రిప్టులోనూ పేరుపేరునా పిలిచి టిక్కు పెట్టించింది. చివర్లో వచ్చిన సాలమ్మ చీరకు గడైతే పెట్టింది గానీ, స్క్రిప్టులో ఆమెను పిలవడం మరిచిపోయింది. పరీక్షగా పంపి చూసిన చీరల జాబితాలో సాలమ్మది లేనే లేదు.

“రేపు కొనేటోళ్లు వస్తున్నరు. గిట్లనే ఉంటే గీ పని హైదరాబాదోళ్లకు ఇస్త,” అన్నాడు ఆ కంప్యూటర్ సెంటర్ నడిపే జానయ్య. “ముందుగాల పోయి సాలమ్మకు నువ్వే చెప్పిరా.”

పోచంపల్లి బస్సెక్కిందే గానీ మొహం చెల్లడం లేదు. దారిలో ఒక ముసలమ్మ చెయ్యెత్తి బస్సాపి, మూటతో ఎక్కి పక్కన కూర్చుని, ఎక్కడికని అడిగింది. పోచంపల్లి రాగానే కండక్టర్ గొంతెత్తాడు. “పోచంపల్లోళ్లు దిగుండ్రి!”

సగం బస్సు లేచింది. మధ్యలో ఎక్కిన ముసలమ్మా లేచింది. ఒక్కరి పేరూ అతనికి తెలియదు, అయినా ఒక్కరూ మిగిలిపోలేదు. తాహేరా మాత్రం నోరు తెరుచుకుని సీట్లోనే ఉండిపోయింది.

“నువ్వు గూడ గీడనే గదా బిడ్డా, దిగు,” అని ముసలమ్మ భుజం తట్టింది.

సంగతంతా విని కూడా సాలమ్మ తిట్టలేదు. “మరిచిపోతే మరిచిపోయినవ్ తియ్, చాయ్ తాగు,” అంది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం సెంటర్‌కు వస్తూనే గడులన్నిటికీ ‘చీర’ అని ఒకే పేరు పెట్టింది. ఎవరి చీరో తెలియాలి కాబట్టి నేసిన మనిషి పేరును టిక్కుతో పాటు వెళ్లే విలువగా ఆ గడికి రాసింది. ‘చీర’ అన్న పేరున్న గడులన్నిటికీ టిక్కు పెట్టమని స్క్రిప్టు మార్చి, ‘అన్నీ’ నొక్కింది. సాలమ్మ గడితో సహా అన్నిట్లో టిక్కులు పడ్డాయి. నమ్మకం చాలక ఇంకో కొత్త గడి చేర్చి, స్క్రిప్టు ముట్టుకోకుండా మళ్లీ నొక్కింది. అందులోనూ పడింది. హమ్మయ్య!

మర్నాడు కొనేవాళ్ల వెంట సాలమ్మా వచ్చింది. “నాది గూడ ఉన్నదా బిడ్డా?” అని తెర దగ్గరికి వంగి చూసింది.

“ఉన్నది అవ్వా. ఇగ కొత్తోళ్లు ఎవరొచ్చినా గీ కంప్యూటర్ ఇడిసిపెట్టది.”

కొనేవాళ్లు తలలూపారు. జానయ్య గొంతు సవరించుకుని, “రేపు ఆడపిల్లల కొత్త బ్యాచ్ ఉన్నది, జర జల్ది రా,” అన్నాడు.

ఆ మాట విన్నాక తాహేరాకు కళ్లు తిరిగేంత ఆకలేసింది. నిన్నటి నుంచి చాయ్ తప్ప ఏమీ ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.