గోడవైపు తిరిగి విన్న గిటార్

నా చిన్నప్పుడు మా ఆర్మూర్‌లో గిటార్ వాయించే మనిషి నాకు తెలిసి ఒక్కరే, మా పక్కింటి అక్క. పగలంతా మా అమ్మతో కలిసి బీడీలు చుట్టేది. ఆదివారం చర్చిలో వాయించేది. ఆమె పక్కన కూర్చుని వినీ వినీ, ఏ తీగ శ్రుతి తప్పినా నేను ఇట్టే పసిగట్టేదాన్ని. అక్క మురిసిపోయి ఆ సంగతి అందరికీ చెప్పేది.

ఆ ఏడు వేల్పూర్‌లో ఉండే మా మేనమామ పసుపు మంచి ధరకు పోయింది. మార్కెట్ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, గిటార్ కొనాలి, నిజామాబాద్ పోదాం రమ్మని అక్కనూ నన్నూ పిలిచాడు. మా నాన్న పోయాక నాకంటూ కొత్త వస్తువేదీ రాలేదు. బస్సులో కూర్చున్నంతసేపూ, దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలా అనే ఆలోచిస్తూ ఉన్నాను.

దుకాణంలో నా కళ్లు ఎర్రగా మెరిసే పెద్ద గిటార్ మీద పడ్డాయి. అక్క నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టింది.

"సూడకు చెల్లె, ఇను" అంది.

ఒక్కొక్కటే మీటింది. నాకు నచ్చినవాటిని ఒళ్లో పెట్టి తీగలు నొక్కించింది. తీగలు మరీ ఎత్తుగా ఉంటే కొత్తవాళ్ల వేళ్లు పుండ్లవుతాయని, చేయి సరిగ్గా అందకపోతే మోజు తొందరగా పోతుందని చెప్పింది. చివరికి మెరుపేమీ లేని చిన్న గిటార్ ఒకటి నా చేతుల్లో కుదురుకుంది.

మామ నవ్వాడు. "గిది నీకు సరిపోతది బిడ్డా. మావోనికి చిన్నగయితది."

కాలేజీలో చదివే తన కొడుకు కోసమని మాకు అప్పుడు తెలిసింది.

"మరి పొల్లనెందుకు తోల్కొచ్చినవన్నా?" అని అక్క అడిగింది.

"దాని చెవి మంచిదని నువ్వే అంటివి గదా. గిసుంటి సప్పుడే వచ్చే పెద్దది సూడమను."

ఆయన మాటలో కపటం లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. అక్క నా ఒళ్లోంచి గిటార్ తీసుకుని, నా ముఖం ఎవరికీ కనబడకుండా మళ్లీ గోడవైపు తిప్పింది. నా ఏడుపు తగ్గేదాకా, ఒకదాని తర్వాత ఒకటి మీటుతూనే ఉంది. ఆ తర్వాత నేను నిజంగానే మంచిది ఏరి ఇచ్చాను. తిరుగు బస్సులో దాన్ని జాగ్రత్తగా పట్టుకొమ్మని నాకే ఇచ్చారు.

బావ కొన్నాళ్లకే దాన్ని వదిలేశాడని విన్నాను. అక్క తన గిటార్ మీద నేర్పిస్తానన్నా నేను ముట్టుకోలేదు. ఇప్పుడు నాకూ మనవలు, మనవరాళ్లు ఉన్నారు. ఏది బాగుందని పిల్లల్ని అడిగేముందు, అది ఎవరి కోసమో చెప్పేస్తాను. వాళ్లది కానప్పుడు అసలు అడగను.