ఓబుళమ్మ అడిగిన పాస్తా కోసం ముదిగుబ్బ నుంచి గార్లదిన్నె దాకా

మా ఊరు ముదిగుబ్బకు లోపలగా ఉంటుంది. గొర్రెలు, కొంచెం చెనక్కాయ చేను, అంతే మా బతుకు. ఈ ప్రయాణం నేను ఊరు చూడటానికి చేసింది కాదు. మా ఇంటామె ఓబుళమ్మకు ఎండాకాలం చివర జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ దాంతోపాటే నోటి రుచి పోయింది. ఏది పెట్టినా మన్ను తిన్నట్టు ఉందనేది. వాసన అసలే పడేది కాదు. తిరగవాత వేస్తే లేచి వాకిట్లోకి పోయేది. సంగటి ముద్ద ఆవిరి తగిలినా మొహం తిప్పుకునేది. రెండు నెలలు అట్లే గడిచాయి. చేతి గాజులు మోచేయి దాకా జారేవి. కదిరిలో డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఖాళీ కడుపుతో ఇవి పనిచేయవు, శుక్రవారానికి తిండి మొదలు కాకుంటే చేర్చుకుని సెలైన్ పెట్టాల్సిందే అన్నాడు. ఓబుళమ్మకు ఆ మాటంటే భయం. వాళ్లక్క అట్లే ఆసుపత్రిలో చేరి మళ్లీ ఇంటికి రాలేదు.

సోమవారం సాయంత్రం మా కోడలు సుజాత మంచం పక్కన కూర్చుని ఫోన్ చూస్తోంది. అందులో ఒకామె పెద్ద గిన్నెలో ఏదో కలుపుతోంది. పచ్చగా మొక్కజొన్న గింజలు, ఎర్రగా టమేటా, కొత్తిమీర, డబ్బాలోంచి తీసిన చేప, మెలికలు తిరిగిన పాస్తా. మెక్సికో దేశం వాళ్ల పద్ధతి అని చెబుతోంది. పడుకున్న ఓబుళమ్మ మెడ సాచి చూసింది.

"ఏందే అది? పొట్టేలు కొమ్ముల మాదిరి ఉండాది."

"పాస్తా అత్తా. ఉడకబెట్టి, ఆరబెట్టి, సల్లగా తింటారంట."

"పొగలు రావా?"

"రావు."

"అయితే రోంత పెడితే తింటానేమో."

సుజాత నా వైపు చూసింది. రెండు నెలల్లో ఆమె ఫలానాది తింటానని అనడం అదే మొదలు. కొడుకు మంద వెంట దూరంగా ఉన్నాడు. సుజాత ఇల్లు విడిచి కదలలేదు. ఇంక మిగిలింది నేనే.

మంగళవారం పొద్దున చీకటి విడవగానే షేర్ ఆటోలో ముదిగుబ్బ వచ్చాను. కదిరి నుంచి అనంతపురం పోయే బస్సులు రోడ్డు మీదే ఆగుతాయి, ఎక్కువసేపు చూడాల్సిన పని ఉండదు. బత్తలపల్లి మీదుగా పోతుంది. గంటన్నర, ఎక్స్‌ప్రెస్ అయితే ఇంకొంచెం తక్కువ. అరవై దాటినవాళ్లకు టికెట్‌లో రాయితీ ఉంది, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. ఎడమ చేతి కిటికీ దొరికితే మంచిది, పొద్దుటి ఎండ పడదు. నేను దారి పొడుగునా సుజాత చెప్పిన పేర్లు మనసులో అనుకుంటూనే ఉన్నాను. ట్యూనా, పాస్తా. పాస్తా, ట్యూనా. పక్కన కూర్చున్న పెద్దమనిషి జపం చేస్తున్నాననుకున్నట్టుంది, కాళ్లు కాస్త ముడుచుకుని చోటిచ్చాడు.

అనంతపురం బస్టాండు నుంచి గడియారం స్తంభం వైపు నడిచి పోతే పెద్ద దుకాణాలు వస్తాయి. అద్దం తలుపు ముందు కొంచెంసేపు నిలబడ్డాను. లోపల అందరూ ఎవరికి కావలసింది వాళ్లే తీసుకుని బుట్టలో వేసుకుంటున్నారు. నాకు అడిగి తీసుకోవడం తప్ప ఇంకోటి రాదు. అడగటమూ సరిగా రాదు. చివరికి లోపల పనిచేసే అమ్మాయే దగ్గరికి వచ్చింది.

"ఏం గావాల తాతా?"

బస్సులో దారంతా అనుకున్న పేరు ఆ నిమిషంలో గుర్తు రాలేదు. "డబ్బాలో చేప" అన్నాను.

"చేపలు ఈడ దొరకవు తాతా, మార్కెట్‌కు పోవాల."

"పచ్చి చేప కాదమ్మా. డబ్బాలో ఉంటాదంట. పాస్తాలో ఏస్తారంట. మెక్సికో వాళ్లు."

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "ట్యూనానా! నువ్వు తింటావా తాతా మెక్సికో కూడు?"

"నేను కాదు. మా ఇంటామె."

"అవ్వనా? అవ్వకు యాడిదమ్మా ఈ రుచి!"

"జొరమొచ్చి రెండు నెలలాయె. ఏం తినల్యా. ఇది తింటానన్నది."

ఆ పిల్ల నవ్వు ఆపేసింది. వెనక అరలోకి చేయి పెట్టి డబ్బా తీసింది. అదొక్కటే ఉంది. తన చున్నీతో దాని మీద దుమ్ము తుడిచి, తేదీ చూసి చేతిలో పెట్టింది. పాస్తాలో రకాలు చూపిస్తే మెలికలది తీసుకున్నాను. డబ్బా రెండు వందల పైచిలుకు, పాస్తా వంద లోపు. క్యాప్సికం, టమేటాలు, ఎర్రగడ్డలు బయట బండి మీద కొన్నాను. ఉడకబెట్టిన మొక్కజొన్న టౌన్లో బండ్ల మీద దొరుకుతుంది గానీ దానికి మసాలా, వెన్న పూస్తారు. ఆమెకు ఆ వాసన పడదు. పచ్చివి కావాలంటే నాకు తెలిసిన చోటు గార్లదిన్నె ఒక్కటే.

గార్లదిన్నె అనంతపురానికి ఉత్తరంగా, గుత్తి పోయే పెద్ద రోడ్డు మీద ఉంది. అరగంట ప్రయాణం. ఎక్స్‌ప్రెస్‌లు ఆగవని చెబుతారు, అడిగి ఎక్కండి. పల్లెవెలుగు అయితే తప్పకుండా ఆగుతుంది. అక్కడ దిగి ఆటోలో లోపలికి పోతే చౌడన్న చేను. కాలవ నీళ్లు అందే నేల కాబట్టి మా వైపు మాదిరి బీడు పడి ఉండదు, కంటికి పచ్చగా కనిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా మా మందను ఆ చేలో నిలిపేవాళ్లం. రాత్రంతా గొర్రెలు పడుకుంటే ఆ ఎరువుతో చేను పండుతుంది. వాళ్లు మాకు గింజలిస్తారు. గొర్రెలు లేకుండా నేను ఆ గట్టు ఎక్కడం అదే మొదటిసారి. చౌడన్న దూరం నుంచే చూశాడు.

"ఏమప్పా, మంద లేకుండా వచ్చినావే! ఈతూరి ఎరువు నువ్వే ఏస్తావా?"

నేను నవ్వాను. ఆయన భార్య లింగమ్మ వదిన మాత్రం నా మొహం చూడగానే అడిగింది. "ఓబుళమ్మ ఎట్లుండాది?"

చెప్పాను. రెండు మాటల్లోనే చెప్పాను. ఆమె కొంగు బిగించి చేలోకి దిగింది. ఒక్కో కంకి పొట్టు కొంచెం చీల్చి, గోటితో గింజ గిచ్చి, పాలు కారినవే విరిచింది. నేను జేబులో చేయి పెడితే, "దుడ్లు జోబీలోనే ఉండనీ. ఆమె నాకు కానుపప్పుడు చేసిన దానికి నేను దుడ్లిచ్చినానా?" అంది. ఆ సంగతి నాకు తెలియదు. ఓబుళమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

చౌడన్న సంచిలోకి తొంగి చూశాడు. "ఏం వంటప్పా ఇది?"

"పాస్తా, చేప, మొక్కజొన్న. పెరుగేసి కలపల్లంట."

"చేపలోకి పెరుగా?" వదిన కంకులు పట్టుకుని అట్లే నిలబడిపోయింది. "ఒంటి మీద తెల్ల పొడలు లేస్తాయి! యా దేశపోళ్లైనా తిననీ, జబ్బు మనిషికి చేపా పెరుగూ కలిపి పెట్టొద్దు. నిమ్మపండు పిండు. చిక్కన కావాలంటే చెనిగ్గింజలు ఏంచి, మెత్తగా నూరి కలుపు."

"ఇంగ మెక్సికో యాడుండాదే దీంట్లో?" అన్నాడు చౌడన్న.

"మెక్సికో లేకపాయె, మనిషి ఉంటే సాలు" అంది వదిన. నిమ్మకాయలు, కొత్తిమీర కట్ట సంచిలో కుక్కి, తిని పొమ్మంది. బస్సు పోతుందని నేను బయలుదేరాను.

తిరుగు ప్రయాణంలో గార్లదిన్నె దగ్గర నిలబడి నేరుగా ముదిగుబ్బ బస్సు కోసం చూడకండి, ఉండదు. అనంతపురం వచ్చి కదిరి బస్సు ఎక్కాలి. నేను ఇల్లు చేరేసరికి పొద్దు పడమరకు వాలింది. ఓబుళమ్మ వాకిట్లో మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. మధ్యాహ్నం గంజి నోట్లో పెట్టుకుని ఉమ్మేసిందని సుజాత మెల్లగా చెప్పింది.

నాకు వంట కొత్త కాదు. మంద వెంట పోయే మగవాళ్లం మూడు రాళ్లు పెట్టుకుని మేమే వండుకుంటాం. వాకిట్లోనే ఒక మూల పొయ్యి పెట్టాను. నీళ్లు మరిగాక పాస్తా వేసి, చేత్తో నలిపితే నలిగేటట్టు ఉడకనిచ్చి వార్చాను. నీళ్లు పెట్టేటప్పుడే సుజాత, "నీళ్లలో ఉప్పు ఎయ్యొద్దు మామా, డబ్బా చేపలో శానా ఉంటాదంట, సరిపోతాది" అని చెప్పి పక్కింటికి రోలు అడగడానికి పోయింది. కంకులను నిప్పుల మీద అక్కడక్కడ నల్లబడేలా కాల్చి గింజలు వొలిచాను. ఓబుళమ్మ ఆ వాసనకు ఒకసారి ఇటు తిరిగి చూసి, మళ్లీ అటు తిరిగింది.

తర్వాత డబ్బా తెరిచాను. నీచు వాసన గుప్పుమంది. పైన నూనె తేలుతోంది. మంద మీద ఉన్నప్పుడు మేం ఎండు చేపలు మోసుకుపోతాం. వాటిని వండే ముందు వేడినీళ్లలో వేసి, పసుపూ రాళ్లుప్పూ పట్టించి రుద్ది, నీచు పోయేదాకా కడగాలి. నా చేతులకు తెలిసిన చేప పని అదే. నూనె వంచేశాను. వేడినీళ్లు పోశాను. పసుపు, ఉప్పు వేసి మెత్తగా రుద్ది, మళ్లీ మళ్లీ నీళ్లు మార్చి, వాసన లేదని నిదానించుకునేదాకా కడిగి, గుడ్డలో వేసి పిండాను.

సుజాత రోలు తెచ్చి కింద పెట్టి, కాలవలో పారుతున్న నూనె చూసింది. కోళ్లన్నీ అక్కడే ఉన్నాయి.

"మామా! ఏం చేస్తివి మామా!"

"కడిగినా."

"అది ఎండు చేప కాదు! కడిగేదేముండాది దాన్ని, అట్లే ఏసుకోవాల! రుచంతా దాంట్లోనే ఉంటాది. కోళ్ల పాల్జేస్తివే!"

నా చేతిలో గుడ్డ, గుడ్డలో తెల్లటి పీచు. డబ్బా అదొక్కటే. మళ్లీ అనంతపురం పోయి ఇంకో దుకాణంలో వెతికి తేవాలంటే ఇంకో రోజు. శుక్రవారం దగ్గరికొస్తోంది. సుజాత నన్ను చూసి కోపం తగ్గించుకుంది. "సర్లే మామా. ఉండేదే కలుపుదాం పా" అంది.

ఇద్దరం కూర్చుని కలిపాం. పాస్తా, గింజలు, చేప పీచు, సన్నగా తరిగిన క్యాప్సికం, టమేటా, రోంత ఎర్రగడ్డ, కొత్తిమీర. వదిన చెప్పినట్టు మా చేని చెనిగ్గింజలు వేయించి నూరి, నిమ్మరసంలో జారుగా చేసి పోశాం. చిటికెడు కారం, వేయించిన జీలకర్ర పొడి. ఇంట్లో ఫ్రిజ్ లేదు. గిన్నెను తడి ఇసుకలో కూర్చోబెట్టి పైన తడిపిన గోనె కప్పాను. మంద మీద మజ్జిగకు చేసే పనే. పొద్దు కుంకే లోపల చల్లబడింది.

సుజాత చిన్న గిన్నెలో పెట్టి తీసుకుపోయింది. నేను కొంచెం దూరంగా గడప మీద కూర్చున్నాను. ఓబుళమ్మ లేచి కూర్చుని, మామూలుగా చేసినట్టే ముందు గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండు నెలలుగా అక్కడితోనే అన్నీ ఆగిపోయేవి. వాసన చూడటం, గిన్నె తోసేయడం. ఈసారి మళ్లీ ఒకసారి చూసింది. "దీంట్లో చేప ఉండాదంటివే?"

"ఉండాది అత్తా."

"నీచు ల్యా."

సుజాత నా వైపు తిరిగి చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఓబుళమ్మ ఒక పాస్తా మెలిక తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకోటి తీసుకుంది. తర్వాత వేళ్లతో కలిపి ముద్దగా తీసుకుంది. సగం గిన్నె అయ్యాక ఆగింది.

"ఎవురు చేసింది ఇది?"

"నేనే" అన్నాను.

"ఉప్పు ల్యా, ఏం ల్యా. సప్పగా ఉండాది."

నేను కదలలేదు. సుజాత కూడా కదలలేదు. రెండు నెలలుగా ఉప్పు ఎక్కువైనా, కారం ఎక్కువైనా ఆమెకు ఒకటే మాట, మన్ను. ఈ పొద్దు ఉప్పు లేదని చెబుతోంది. నిజంగానే లేదు. డబ్బా చేపలో ఉందని సుజాత వేయనివ్వలేదు, ఉన్నదాన్ని నేను కడిగేశాను.

"ఏంటికట్ల జూస్తాండారు ఇద్దురూ? ఉప్పు తెమ్మంటాంటే!"

లేచి పోయి తెచ్చాను. ఆమె చిటికెడు తీసుకుని గిన్నె మీద చల్లుకుని, మిగతాది తిని, ఖాళీ గిన్నె నా చేతికిచ్చింది.

తెల్లారి పొద్దున అదే అడిగింది. చేప అయిపోయింది కాబట్టి పాస్తా, గింజలే కలిపి ఇచ్చాం. మరుసటి రోజు ఆరబెట్టిన సంగటి మజ్జిగలో కలుపుకుని తాగింది. శుక్రవారం కదిరి పోతే డాక్టరు చూసి చేర్చుకోలేదు, మాత్రలు అవే వాడమన్నాడు. మంద వెంట నేను ఎన్ని జిల్లాలు నడిచానో. ఏ ఊరికి పోయినా గొర్రెలకు మేత ఎక్కడ, నీళ్లెక్కడ అనేదే చూసుకున్నాను. మనిషికి ఏం కావాలో వెతుకుతూ పోయిన దారి ఇదొక్కటే. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చాను, అంతకంటే దూరం పోయినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

మీరు కూడా నీచు పడని జబ్బు మనిషి కోసం ఈ డబ్బా చేప కొంటే, నూనె వంచేసి వేడినీళ్లతో బాగా కడగండి, ఎవరు కోప్పడినా సరే. ఉప్పు మాత్రం గిన్నెలో వేయకండి. పక్కన పెట్టి, వాళ్లు అడిగేదాకా చూడండి.